పన్నెండో శతాబ్దపు బంగాళాదుంప

“చూశావా శారదా, ఆ కంచంలో ఉన్నదేమిటో?”

కిటికీ అవతల బాల్కనీలో మాస్కు పెట్టుకుని కూర్చున్న శారదాంబ, ఊచల్లోంచి గదిలోని ల్యాప్‌టాప్‌లో ఆడుతున్న సినిమా వైపు తొంగిచూసింది.

“బంగాళాదుంపల్లా ఉన్నాయి.”

“క్రూసేడ్ యుద్ధాల్లో బంగాళాదుంపలా? అవి యూరప్ మొహం చూసింది ఇంకో నాలుగు వందల ఏళ్లకి.”

“ఆకలేసినవాళ్లు. ఏది దొరికితే అది తిన్నారు, పోనిద్దురూ.”

నాగభూషణం దుప్పటి తోసేసి లేచి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు సూరత్ పక్కన హజీరా కర్మాగారంలో వెల్డింగ్ అతుకులు తనిఖీ చేసిన మనిషి. వెంట్రుకవాసి పగులు కనబడ్డా సుద్దముక్కతో ‘రిజెక్ట్’ అని రాసేవాడు. రిటైరయ్యాక ఇనుము దొరక్క చరిత్ర సినిమాల మీద పడ్డాడు.

ఇప్పుడు కోవిడ్‌తో గదిలో ఐదో రోజు. రెండు వేల ఇరవై ఒకటి ఏప్రిల్. సూరత్‌లో ఎవరికి ఫోన్ చేసినా ఆసుపత్రుల్లో మంచాల్లేవనే అంటున్నారు. ఊరి చివర ఉధ్నా దాకా వెదికించినా, ఒంట్లో ప్రాణవాయువు ఎంతుందో చూసే ఆక్సీమీటరు ఒక్కటీ దొరకలేదు. ఆయాసం మొదలైతే గంట కూడా ఆగొద్దని డాక్టర్ సుప్రజ మరీ మరీ చెప్పింది. శారదాంబకు భయంతో అన్నం దిగడం లేదు. ఆయనకు మాత్రం బంగాళాదుంపే బాధ.

“ఆ ఉక్కు చొక్కా చూడు. వలయం వలయానికీ రివెట్ కొట్టాలి. ఇది ఊలుతో అల్లి వెండి రంగు పూశారు.”

“నాకు ఇనుములాగే ఉంది.”

“ఇనుమా? నా సర్వీసులో ఇలాంటి సరుకు గేటు దాటి...”

మాట ఆగింది. శారదాంబ కుర్చీలోంచి దిగ్గున లేచింది.

“ఏమైందండీ?”

“ఏం లేదు, మంచినీళ్లు.”

ఆయన తాగేదాకా ఆమె ఊచలు వదల్లేదు.

“ఇప్పుడు మొదట్నించీ చెప్పండి, ఆ ఉక్కు చొక్కా సంగతి.”

“చెప్పిందే ఎన్నిసార్లు చెప్పను? నీకు చరిత్ర ఎక్కదు. అయినా ఇలాంటి చెత్తే ఎక్కణ్ణించి ఏరుకొస్తావు? నాతో పనిచేసిన ఓంకార్ ఒక డాక్యుమెంటరీ పంపాడు. ఒక్క తప్పు లేదట. హాయిగా నోరు మూసుకుని చూసుకుంటాను.”

“అది వద్దు.”

“ఎందుకొద్దు?”

“నాకు ఇదే నచ్చింది. ఎంత నిజంగా తీశారో.”

నాగభూషణానికి ఒళ్లు మండింది. నలభై ఏళ్ల కాపురంలో ఈవిడ ఇంత మొండిగా ఏ సినిమానూ వెనకేసుకు రాలేదు. రోగిష్టి మొగుడి మాటకు ఆ మాత్రం విలువ లేదా అనుకున్నాడు.

తెర మీద సేనాపతి గుట్టెక్కి, నడుముకున్న సంచీలోంచి ఏదో తీసి కంటికి పెట్టుకున్నాడు.

“అబ్బ, ఎంత దూరం చూస్తున్నాడో. ఆ రోజుల్లో దుర్భిణులు ఎంత బాగుండేవో,” అంది శారదాంబ.

“పదకొండు వందల ఎనభై ఏడులో జెరూసలేం కోట బయట నిలబడి ఆ సేనాపతి దుర్భిణి పెట్టుకుని చూస్తున్నాడే, ఆ దుర్భిణి పుట్టడానికి ఇంకా నాలుగు వందల ఏళ్లు పడుతుందని ఆ దర్శకుడికి చెప్పేవాడు ఒక్కడూ లేడా?” అని గుక్క తిప్పుకోకుండా అన్నాడు నాగభూషణం.

శారదాంబ కళ్లు తుడుచుకుంది.

“తిడితే ఏడుస్తావేమే? సరే, మంచి సినిమానే. చూడు,” అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. శారదాంబ బాల్కనీ చివరికి నడిచి, మాస్కు కిందికి లాగింది.

“ఆంటీ, ఇవాళ అంకుల్‌కి శ్వాస ఎలా ఉంది?” అంది డాక్టర్ సుప్రజ.

“నిన్న పందొమ్మిది, ఇవాళ ఒక్క ఊపిరిలో ఇరవై ఆరు మాటలు తిట్టారు తల్లీ.”