గ్యాలరీలో అమ్మమ్మ

స్కోరు సమం. బాస్కెట్‌బాల్ ఆట ముగియడానికి ఇంకా రెండు సెకన్లు. పరాయి కాలేజీ కోర్టులో, తనకు దక్కిన రెండు ఫ్రీ త్రోల్లో కోరిన్ వేసిన మొదటిది రింగుకు తగిలి బయటపడింది.

"నీకంటే మీ అమ్మమ్మ నయం!" పసుపు చొక్కాలేసుకున్న ఆ కాలేజీ అభిమానుల గుంపులోంచి కేక.

చూస్తే అరిచింది సాక్షాత్తూ అమ్మమ్మ లొరెట్టాయే, పసుపు చొక్కాలో!

"నువ్వెవరి వైపు అమ్మమ్మా?"

"నేను చదివింది ఇక్కడేనే! వెయ్యి చూద్దాం, చేతకాదుగా!"

ఒళ్లు మండి కోరిన్ రెండోది విసిరింది. బంతి వలలో పడింది. కోరిన్ జట్టు గెలిచింది.

"మనవరాలి గురి చెడగొడతానన్నావుగా మామ్మా!" కుర్రాళ్లు లొరెట్టా మీద విరుచుకుపడ్డారు.

"ఆరేళ్లప్పటి నుంచీ దాని తీరంతే. మెచ్చుకుంటే తప్పుతుంది, వెక్కిరిస్తే వేస్తుంది."

అది విన్న కోరిన్‌కి, ఇన్నేళ్లూ తిన్న తిట్లన్నీ తియ్యగా తోచాయి. వెళ్లి వాటేసుకుంది.

"వదులు, చెమట!" అంది అమ్మమ్మ. "మొదటిదెందుకు పోగొట్టావు?"