నవ్వకుండా ఒక ఫొటో

"ప్రపోజల్ బాగా రాశారు సార్. ఫొటోనే కుదరలేదు" అన్నాడు ట్రస్టు నుంచి వచ్చిన అధికారి.

మా కాజీపల్లి గల్లీకి మంచినీళ్ల ప్లాంటు కావాలని రాసిన ప్రపోజల్ అది. ఫొటోలో నా భార్య రవళి, ట్యాంకర్ కోసం పెట్టిన డ్రమ్ముల పక్కన బిందె పట్టుకుని నవ్వుతోంది.

"ఇలా నవ్వుతుంటే ఇక్కడ కష్టముందని మావాళ్లు నమ్మరు. మేడమ్‌ను పిలవండి. కాస్త దిగాలుగా నిలబడితే ఇంకొకటి తీస్తాను."

పక్కింటి అక్తరీ బేగం అందుకుంది. "గా పిల్ల నవ్వకుండ ఎప్పుడున్నది సారూ? ఫోన్ ఈయన చేతిల కనవడితే సాలు, పండ్లన్నీ బయటనే!"

"అయితే ఈసారి ఫోన్ నేను పట్టుకుంటా" అన్నాడాయన, సరదాగా.

బేగం ముఖం వాడిపోయింది. మా ఇంట్లోకి వెళ్లి, రవళి బిందె తెచ్చి నా చేతికిచ్చింది.

"ఈయననే తియ్యుండ్రి సార్. నవ్వొద్దని చెప్పే పని గూడ లేదు."

డ్రమ్ముల పక్కన నిలబడ్డాను.

"ఇదీ ఫొటో అంటే! ప్లాంటు వచ్చినట్టే" అంటూ ఆయన దాన్ని నా ఫోన్‌కు పంపాడు. "మేడమ్‌కూ చూపించండి. సంతోషిస్తారు."

చూపిస్తానన్నాను. ఇంటికి వెళ్లి, గోడమీద దండ వెనక నవ్వుతున్న రవళి ముందు ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.