నూట పన్నెండు బిళ్ళలు

"మూటల ఏమున్నది? ఇప్పు."

బాలరాజ్ గొంతుకు నలభై మంది పిల్లలూ చేతుల్లోని టేపులు వదిలేసి వచ్చారు.

బాన్సువాడ దగ్గర అడవిలో మూడు రోజుల శిబిరం అది. అందరూ ఇంటర్ పిల్లలు. నిన్న వర్ని వైపు పొలంలో నాటు వేశారు. ఇవాళ టేకు చెట్ల చుట్టుకొలత తీయాలి.

మామూలు టేకులు కావవి. ఇరవై ఏళ్ళ కిందట అడవుల మీద పరిశోధన చేసే రోజారాణి మేడం రకరకాల అడవుల గింజలు తెప్పించి, ఏది ఎలా పెరుగుతుందో చూద్దామని కలిపి నాటించారు. ఏ చెట్టు ఎక్కడి గింజో చెప్పేది దానికి కొట్టిన నంబరు బిళ్ళే.

తీరా వచ్చి చూస్తే ఒక్క చెట్టుకూ బిళ్ళ లేదు. మేకుల గుంతలు మాత్రం ఉన్నాయి.

శిబిరం బాధ్యత బాలరాజ్‌ది. రేపు మేడం వస్తారు. ఏం చెప్పాలో తోచక చెమటలు పట్టాయి. సరిగ్గా అప్పుడే చెట్ల మధ్య నుంచి ఈ ముసలామె మూట పట్టుకుని వచ్చింది.

"మేడం రాలేదా బిడ్డా?"

"మేడంతో నీకేం పని? ఇప్పమన్ననా లేదా?"

ఆమె విప్పింది. అల్యూమినియం బిళ్ళలు. తాడుకు గుచ్చి, దండలా కట్టి ఉన్నాయి.

బాలరాజ్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"పాత సామాన్లు కొనెటోనికి అమ్మనీకి తీస్కపోతున్నవా?"

"కాదు బిడ్డా. మేడం వస్తే ఇద్దామని..."

"దొరికినంక అందరు గిట్లనే చెప్తరు."

పిల్లలు నవ్వారు. నవ్వేసరికి బాలరాజ్‌కు ఇంకా హుషారొచ్చింది.

"చూసిండ్రా? అడవిని ఖరాబు చేసేది గొడ్డలొక్కటే కాదు. ఇగో, ఇసొంటోళ్ళు గూడ."

పిల్లలు చప్పట్లు కొట్టారు.

అతను జేబులోంచి చాకు తీశాడు.

ఆమె మొదటిసారి గాభరా పడింది. "తాడు తెంపకు బిడ్డా."

"లెక్క చూడొద్దా?"

"గట్లనే లెక్క చూడు. తాడు తెంపకు."

"నీ తాడు బంగారమా ఏంది?"

తెంపాడు. బిళ్ళలు గలగలమని మూట దుప్పటి మీద పడ్డాయి.

లెక్కపెట్టే పని ప్రేమల అనే అమ్మాయికి అప్పగించాడు. "నూట పన్నెండు సార్. అన్నీ ఉన్నయి. కానీ సార్, చివర ఇంకా తాడుకే ఉన్నయి చూడండి. ముప్పై ఏడు పక్కన నాలుగు, దాని పక్కన తొంభై రెండు. వరస లేదు."

"దొంగ సొమ్ముకు వరసేందమ్మా? ఒకటి కాడికెళ్ళి నూట పన్నెండు దాక మంచిగ పేర్చుండ్రి."

ఆ చివరి మూడూ కూడా లాగి కుప్పలో వేశాడు.

పిల్లలు ముచ్చటగా పేర్చి డబ్బాలో పెట్టారు. ముసలామె అదంతా చూస్తూ కూర్చుంది. 

"పెద్దదానివని ఇడిసిపెడ్తున్న. ఇగ పో."

తెగిన తాడు ఏరుకుని వెళ్ళిపోయింది.

శిబిరంలో పగలంతా ఫోన్లు బంద్. ఆ రూలు బాలరాజ్‌దే. పిల్లలకు ఆదర్శంగా ఉండాలని తెల్లారగానే తన ఫోను కూడా పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. సాయంత్రం తెరిచేసరికి మేడం పొద్దున ఏడింటికి పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. శిబిరం సంగతులే అడిగి ఉంటారని పిల్లల ముందే గట్టిగా పెట్టాడు.

"బాలరాజ్, ఇయ్యాల సోనాబాయి అని తండా అవ్వ వస్తది. పక్క ప్లాటుల బిళ్ళలన్ని దొంగలు పీకిండ్రు. ఇవి గూడ పోతయని ఆమెనే తీసి దాచింది. ఇరవై ఏండ్ల కింద వాటికి మేకులు కొట్టింది గూడ ఆమెనే. చీటీలు తీసి ఇచ్చిన నంబర్లు, చెట్ల మీద వరసగ ఉండయి. ఏ నంబరు ఏడున్నదో రాసిన ప్లాటు కాగితం చెదలు తిన్నది. ఇగ ఆమె ఒక్కతే దిక్కు. జర మంచిగ చూస్కో, చాయ్ పొయ్యి."

బాలరాజ్ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. పొద్దున చప్పట్లు కొట్టిన పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నేల చూశారు.

పొద్దుగూకక ముందే డబ్బా పట్టుకుని తండాకు వెళ్ళాడు. పిల్లలు పిలవకుండానే వెనక నడిచారు.

సోనాబాయి గడపలో కూర్చుని మక్క కంకులు ఒలుస్తోంది. వీళ్ళను చూసి లేచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళు తాగడానికి అతనికి మొహం చెల్లలేదు.

"తప్పయింది అవ్వా. పిల్లగాండ్ల ముంగట నిన్ను అనరాని మాటలన్న. నన్ను తిట్టు."

"పోనీ తియ్యి బిడ్డా. కూసో."

"నీ కాళ్ళు మొక్కుత అవ్వా. రేపు మేడం వస్తరు. ఏ బిళ్ళ ఏ చెట్టుదో జర నువ్వొచ్చి చెప్పాలె."

డబ్బా ఆమె ముందు పెట్టాడు. ఒకటి నుంచి నూట పన్నెండు దాకా బిళ్ళలు తీరుగా ఉన్నాయి. సోనాబాయి ఒక బిళ్ళ తీసి అటు తిప్పింది, ఇటు తిప్పింది. మళ్ళీ అక్కడే పెట్టేసింది.

"నాకు అంకెలు రావు బిడ్డా. చెట్లెంబడి నడుసుకుంట తీసిన. తీసింది తీసినట్టు గుచ్చిన. మల్ల గట్లనే నడుసుకుంట కట్టేద్దామనుకున్న."

కంకి చేతిలోకి తీసుకుంది.

"అందుకే తాడు తెంపకని చెప్పిన."