ముప్పయ్యో పొట్లం

లిఫ్టులో ఇద్దరు నిండు గర్భిణులుంటే మూడో మనిషికి చోటెక్కడిది?

అందుకే ఆ చైనా ముసలామె బయటే ఆగిపోయింది. చేతిలో అల్లం సంచి, భుజాన ఇంకో మూట.

లోపల పెర్సిస్, పైఅంతస్తు చైనా అమ్మాయి ఒకరి పొట్ట ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ అమ్మాయి తొమ్మిది వేళ్ళు చూపించింది. పెర్సిస్ కూడా తొమ్మిదే చూపించింది.

"ఆయాని చైనా నుంచే తెప్పించుకున్నారండీ. పెట్టి పుట్టాలి," అంది ఇంటికొచ్చి భర్త జడ్సన్‌తో.

మూటలు మోస్తూ వెనక నడిచే ఆడమనిషి కనిపిస్తే దోహాలో ఎవరైనా ఆయా అనే అనుకుంటారు. పెర్సిస్ ఒక్కదాన్నే తప్పుపట్టి లాభం లేదు.

తల్లి పోయి రెండేళ్ళయినా, కాన్పు దగ్గరపడుతున్న కొద్దీ పెర్సిస్ ప్రతి మాటా అమ్మ దగ్గరికే వెళుతోందని జడ్సన్‌కి తెలుసు.

ఆ వారంలోనే ఆపరేషన్ చేసి పాపను తీశారు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే బెల్లు మోగింది. తలుపు తీస్తే ఆ ముసలామె.

చెప్పులు బయట విడిచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. కాగితం పొట్లం విప్పి, గిన్నెలో వేసి, పొయ్యి వెలిగించింది. పొట్లం మీద '1' అని రాసి ఉంది. ఆమె కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. పైన కూడా పసిబిడ్డ ఉంటే ఇక నిద్రెక్కడిది అనుకుంది పెర్సిస్.

"మేడమ్‌కి?" అని పైకి చూపించింది.

"మేడమ్ నో డ్రింక్," అంది ముసలామె, గిన్నె కలుపుతూ.

ఆవిడ వద్దన్నది తెచ్చి నాకు పోస్తోందన్నమాట! పెర్సిస్‌కి చిన్నతనంగా అనిపించింది. ముసలామె వెళ్ళగానే గ్లాసుడు కషాయం సింకులో పారబోసింది.

మూడు రోజులు అలాగే పారబోసింది. నాలుగో రోజు పాప పాలు చాలక గుక్కపట్టి ఏడుస్తుంటే, తనూ ఏడుస్తూనే తాగింది. అల్లం, ఏవో ఎండిన ఎర్రపళ్ళు, పేరు తెలియని చేదు వేరు. వెచ్చగా కడుపులోకి దిగింది.

ఆ తర్వాత ముసలామెదే రాజ్యం. ఏసీ కట్టేసేది. పెర్సిస్ చెవులు మూసుకునేలా తలకు గుడ్డ కట్టేది. చన్నీళ్ళ సీసా పట్టుకుంటే లాక్కుని, "నో! నో!" అని కసిరేది.

అమ్మ ఉంటే అచ్చం ఇలాగే కసిరేది.

అమ్మయితే పాలు పడాలని సొరపిట్టు చేసేది. ఈమె చేప, బొప్పాయి కలిపి తెల్లటి చారు కాచింది. పదో రోజుకి పాప కడుపు నిండా తాగి నిద్రపోయింది.

పాప పాలు తాగుతున్నంతసేపూ ముసలామె మాత్రం గదిలో ఉండేది కాదు. తోమిన గిన్నెలే మళ్ళీ తోముకుంటూ ఉండేది.

"జీతం పైవాళ్ళది, సేవ నాది," అని ఫోన్లో స్నేహితురాలితో నవ్వింది పెర్సిస్.

పొట్లాల మీద అంకెలు వరసగా వస్తున్నాయి. మధ్యలో ఒక్కటి కూడా తప్పలేదు.

"పైన మహాతల్లి ఒక్కటీ ముట్టలేదండీ. ఎంత పొగరో! వాళ్ళ బిడ్డ ఏడుపు కూడా ఒక్కసారి వినబడలేదు. అదృష్టవంతురాలు," అంది జడ్సన్‌తో.

ముప్పయ్యో పొట్లం వచ్చిన రోజు ముసలామె శుభ్రంగా తల దువ్వుకుని, కొత్త చొక్కా వేసుకుని వచ్చింది. చేతిలో గిన్నె. గిన్నె నిండా ఎర్రరంగు వేసిన గుడ్లు.

ఒక గుడ్డు తీసి పాప గుప్పిట్లో పెట్టబోయింది.

"వద్దు ఆంటీ! విగ్రహాలకి పెట్టినవి మేం తినం," అని పెర్సిస్ గిన్నెను వెనక్కి నెట్టింది.

మాట అర్థం కాకపోయినా నెట్టడం అర్థమైంది. ముసలామె చేయి గాలిలోనే ఆగింది.

"ఓకే, ఓకే," అంది. పాప నుదుటిని వేలితో ఒకసారి తాకి వెళ్ళిపోయింది.

మర్నాడు బెల్లు మోగలేదు.

పదకొండు దాటేసరికి పెర్సిస్‌కి ఇల్లంతా బోసిగా అనిపించింది. గుడ్లు తీసుకుని ఓ పక్కన పెట్టినా పోయేదే, పెద్దావిడ మనసు కష్టపెట్టానే అని ఏడుపొచ్చింది. పాపను ఎత్తుకుని పైకి బయలుదేరింది. పైనున్న బిడ్డకని ఒక కొత్త గౌను కూడా పట్టుకుంది.

పైఫ్లాట్ తలుపు తీసే ఉంది. బిల్డింగ్ వాచ్‌మన్ తిరుమల్ పెద్ద అట్టపెట్టెను బయటికి లాగుతున్నాడు. పెట్టె మీద ఉయ్యాల బొమ్మ. వేసిన టేపు వేసినట్టే ఉంది.

"ఆయా ఏది తిరుమల్?"

"ఆ ముసలమ్మనా? పొద్దుగాల్నే చైనాకు పోయింది అక్కా. మీ కోసమే ఆగినట్టుంది. పోంగ పోంగ నాకు గిన్నెడు ఎర్ర గుడ్లిచ్చింది."

"దేవుడి దగ్గర పెట్టినవేగా అవి?"

"దేవునికి గాదక్కా. బిడ్డకు నెల నిండితే అమ్మమ్మ పంచాల్నట. వాళ్ల సారే చెప్పిండు."

"అమ్మమ్మేంటి? మరి మేడమ్ ఏది? వాళ్ళ బిడ్డ ఏది?"

తిరుమల్ పెట్టెను కింద పెట్టాడు. పెర్సిస్ చేతిలోని గౌను వైపు చూశాడు.

"మీకు ఎరుకనే లేదా అక్కా? ఆ మేడమ్ ఈ ముసలమ్మ కన్నబిడ్డ. మీరు కాన్పుకు దవాఖానకు పోయిన నాడే ఆమె గూడ పోయింది. మీరు పాపను ఎత్తుకొని అచ్చిన్రు, ఆ తల్లీబిడ్డలిద్దరు మళ్ల రాలె."