ఒకే తీగకు రెండు చెవులు

"ఛీ! ఇది నాది కాదు!"

జనని చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోను రబ్బరు బుడిపెను లాగి బల్లమీద పారేసింది. దాని కొనకు పచ్చగా గులిమి అంటుకుని ఉంది. పైగా ముక్కుపొడి కంపు.

మద్రాసు వాషర్‌మెన్‌పేట్ కల్యాణమండపంలో రిసెప్షన్ మొదలు కావస్తోంది. వేదిక వెనక డ్రమ్ములు బిగిస్తున్న దొరస్వామి పరుగెత్తుకొచ్చాడు. పాటల ట్రూపు అతనిదే.

"ఏమైందమ్మా?"

"ఆ పెద్దాయన చెవిలోది నా చెవిలో పెట్టుకున్నానన్నా! ఇంక నేను పాడేదా, వాంతి చేసుకునేదా?"

"రెండూ ఒకే మాదిరి ఉండాయి కదా, మారిపోయుంటాది. తుడిచి ఇస్తా ఉండు."

"తుడిస్తే పోతాదా ఆ అసయ్యం?"

ఏడాది కిందట జనని దొరస్వామి ఇంటికి వెళ్లి పాడి వినిపించింది. చక్కని మనిషి, వేదికమీద నిలబడితే జనం చూపు తిప్పుకోరు. ఆమెను అప్పటికప్పుడే ట్రూపులో చేర్చుకున్నాడు. మరునాడే రేడియో సామాన్లు అమ్మే రిచ్చీ వీధిలో సబ్బుపెట్టెంత ఆంప్లిఫయర్ ఒకటి చేయించుకొచ్చాడు. "డ్రమ్ముల మోతలో నీ గొంతు నీకు వినపడాల గదమ్మా" అన్నాడు.

ఆ పెట్టెతో కాపురం అంత సుఖమైనదేమీ కాదు. నడుముకు కట్టుకుంటే అరగంటకల్లా వేడెక్కి చర్మం చురుక్కుమంటుంది. కొంగు తగిలితే గరగరమంటుంది. రెండు కచేరీలకు ఒకసారి బ్యాటరీలు మింగుతుంది. అయినా జనని అన్నీ ఓర్చుకుంది. బుడిపె చెవిలో దూర్చుకుందంటే బయటి మోతంతా మాయమై తన గొంతొక్కటే తేనెలా నిండుతుంది మరి.

ఓర్చుకోలేనిది ఒక్కటే. ఆ పెట్టె నుంచి వచ్చే తీగ రెండుగా చీలుతుంది. ఒక కొస ఆమె చెవిలో, రెండోది మునిరత్నం చెవిలో.

మునిరత్నానికి అరవై దాటాయి. నాటకాలు ఆడే రోజుల్లో చీర కట్టి ఆడగొంతుతో పాడినవాడట, ఇప్పుడు కోరస్. ఆమె వెనక రెండు బారల దూరంలో, స్పీకరు చాటున, మైకుకూ మూతికీ కలిపి తువ్వాలు కప్పుకుని నిలబడతాడు. ఆ తువ్వాలు ఉతికి ఎన్నాళ్లయిందో దేవుడికే తెలియాలి. పాటకూ పాటకూ మధ్య ముక్కుపొడి పీల్చి చీదుతాడు. అలాంటి మనిషితో ఒకే తీగకు కట్టేసినట్టు నిలబడాలంటే ఆమెకు ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది.

"ఈ పొద్దు ఎవురొచ్చినారో తెలుసా అన్నా?" అంది జనని గొంతు తగ్గించి. "సినిమా మ్యూజిక్ డైరెక్టర్ అసిస్టెంటు. పోయిన పెళ్లిలో మన కచేరీ కేసెట్టు విని, ఈ గొంతెవురిదని వెతుక్కుంటా వచ్చినాడు. ఇది తప్పితే నాకు ఇంకోటి రాదు."

దొరస్వామి ముఖం పాలిపోయింది. ఆ కేసెట్టు విన్నరోజు "ఇది నా గొంతేనా?" అని జననే ఆశ్చర్యపోయింది. టేపులో ఎవరి గొంతైనా మారి వినిపిస్తుందని అతనే సర్దిచెప్పాడు.

"అందుకే చెప్తా ఉండాను. ఈ ఒక్క పొద్దు ఓర్చుకోమ్మా. ఆయన నీ వెనక ఉంటేనే నీకు మంచిది."

"ఏం మంచి? ఆయనకి చెవుడని మీరే చెప్తిరి. నా గొంతు పట్టుకుని కోరస్ లాక్కొస్తా ఉండాడు, అంతే కదా! ఆయన స్టేజీ ఎక్కితే నేను దిగిపోతా. ఎవురు కావాలో మీరే చెప్పండి."

"నన్నే దిగమను సామీ."

వెనక్కి తిరిగి చూస్తే మునిరత్నం. ఎప్పుడొచ్చాడో, అంతా విన్నాడు. బల్లమీది బుడిపెను తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో రుద్ది రుద్ది కడిగాడు. తువ్వాలుతో తుడవబోయి, జనని ముఖం చూసి ఆగి, గాలికి ఆరబెట్టాడు. అరిటాకు ముక్కలో పెట్టి ఆమె ముందు ఉంచాడు.

"రెండు చెవుల్లోనూ పెట్టుకో పాపా. ఇంకా బాగా వినపడతాది."

జనని దాన్ని రుమాలుతో పట్టుకుని సెంటు పోసి మూడుసార్లు తుడిచింది. 

దొరస్వామి ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. "మునిరత్నం, పసిపిల్ల తెలియక అన్నాది. ఈ ఒక్క దినం..."

"ఏడాదిగా ఛీ అనిపించుకుంటా ఉండా. చాల్లే సామీ." చెయ్యి విడిపించుకుని భోజనాల హాలువైపు వెళ్లిపోయాడు.

ట్రూపు వేదిక ఎక్కింది. మిక్సర్ దగ్గర కూర్చున్న గిరి, ఖాళీగా ఉన్న చోటు చూసి దొరస్వామివైపు తిరిగాడు. దొరస్వామి చెమట తుడుచుకుని, కానివ్వమన్నట్టు తలూపాడు.

జనని కళ్లు మూసుకుని పల్లవి ఎత్తుకుంది. రెండు చెవులా తన గొంతే. ఇంత హాయిగా ఆమె ఏనాడూ పాడలేదు. వెనక చీదే మనిషి లేడు, కంపు లేదు. మనసు విప్పి పైస్థాయికి వెళ్లింది.

అనుపల్లవిలో కళ్లు తెరిచింది. ఏ పెళ్లిలోనైనా కబుర్లాడుకుంటూ పాట వినే జనం మాటలు ఆపేసి ఆమెనే చూస్తున్నారు. ఐస్‌క్రీం తింటున్న పిల్లల చేతుల్లో చెంచాలు ఆగిపోయాయి. పెళ్లికొడుకు తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముందువరసలో సినిమా మనిషి చటుక్కున లేచి నిలబడ్డాడు. జననికి ఆనందంతో కళ్లు చెమ్మగిల్లాయి.

ఇన్నాళ్లూ తువ్వాలు చాటు మైకునే స్పీకర్లకు కలిపిన గిరి, ఆమె మైకును కలపడం ఏడాదిలో అదే మొదటిసారి.