ఎదుగుతున్న తాతయ్య

"వచ్చినప్పుడల్లా ఎదుగుతున్నాడే మా తాతయ్య!" అంది పెద్దావిడ, చదివే గదిలో గోడ మీది పటం వైపు తలెత్తి చూస్తూ.

లైబ్రేరియన్ ఉలిక్కిపడ్డాడు. ఇల్లిల్లూ తిరిగి చందాలెత్తి ఈ గ్రంథాలయం కట్టించింది ఆ పటంలోని పెద్దాయనే. ఇప్పటికీ ఈ మనవరాలు పంపే విరాళంతోనే దీని తలుపులు తెరుచుకుంటున్నాయి.

పటం వెనక గోడ బీటలు వారింది. బీట పెరిగినప్పుడల్లా అతను ఇంకాస్త పెద్ద పటం కట్టించి తగిలిస్తున్నాడు. కూలిపోయే కొంపకి విరాళం ఎవరిస్తారు, తాళం వేయిస్తారు గానీ!

"అభిమానం కొద్దీ చేయించామండీ," అన్నాడు నీళ్లు నములుతూ.

"ఓసారి దించండి."

"దుమ్మండీ, మీకు పడదు..."

"నేనేం మైనపు బొమ్మని కాదులెండి. దించండి."

దించాడు. గోడలో చెయ్యి దూరేంత చీలిక. పెచ్చొకటి ఊడి ఆవిడ కాళ్ల దగ్గర పడింది. అయిపోయింది, ఈ పూటతో లైబ్రరీ మూత అనుకున్నాడతను.

ఆవిడ చీలికను వేలితో తడిమింది.

"నా చిన్నప్పుడు ఇది వెంట్రుకంత ఉండేది. ఫొటో అంటేనే సిగ్గుపడే మనిషి తాతయ్య. చందాలిచ్చేవాళ్లు ఇది చూస్తే ఇంకేమైనా ఉందా అని హడలిపోయి, తన పటం తనే ఇక్కడ తగిలించుకున్నాడు."

గుమ్మం వైపు తిరిగి కేకేసింది.

"మేస్త్రీ, లోపలికి రావయ్యా! ఇంక మా తాతయ్యని ఎదగనివ్వద్దు."