బార్‌బెల్ నలభై

"బార్‌బెల్ ముట్టినవంటే మంచిగుండదు. ఆర్నెల్లు డంబెల్స్ కొట్టు, పో!" అంటూ కోచ్ విజేందర్ నోటుబుక్కును నేలకేసి కొట్టాడు.

సుస్మితకు ఒళ్లు మండిపోయింది. రోజూ తెల్లారకముందే ఆరు కిలోమీటర్లు సైకిల్ తొక్కి దేవరకొండ జిమ్ముకు వచ్చేది ఈ మాట పడటానికా? బెంచ్ ప్రెస్ పోటీలకు జిల్లా జట్టులో ఆడపిల్లలకున్నది ఒకే ఒక్క చోటు. ఆ పేరు ఇవాళే పంపాలి. పొద్దుటి పూట కోచ్ ఉండడు కాబట్టి ఎవరెత్తిన బరువు వాళ్లే రాసుకోవాలి. ఆమె రాసుకున్నదే ఇప్పుడు కాళ్ల దగ్గర పడి ఉంది: డంబెల్స్ ఇరవై, ఇరవై. బార్‌బెల్ నలభై.

"జట్టుల చేరాలంటే యాభై ఐదు ఎత్తాలె. డంబెల్స్‌తోటి నలభై ఎత్తెటోళ్లు బార్‌బెల్‌తోటి ఇంకింత ఎక్కువ ఎత్తుతరు. నువ్వు గీడ గూడ నలభై కాడనే ఆగినవ్. నీకు రాడ్డు పట్టుడే రాదు!"

"మరి జట్టుకు ఆ హరిత పేరెట్ల రాసిన్రు సార్? ఆమె గూడ ఈడనే ఎత్తుతది గదా. ఆమె ఏసుకునే ప్లేట్లు నా ప్లేట్ల కంటె చిన్నయి. నాకు కండ్లు లేవా?"

"అంటే నేను దొంగ పేరు రాసిన్నా? హరితది యాభై ఐదు, నా కండ్లతోటి చూసిన. ఇది మీ గొర్లమంద కాడి లెక్క గాదు పిల్లా!"

ఆ మాట సూటిగా వెళ్లి గుచ్చుకుంది. గొర్లు మేపి తనను ఇంతదాన్ని చేసిన తండ్రి బీరన్నను అన్నట్టే తోచి సుస్మితకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా బాపు దాకా పోకున్రి సార్. సంతల ఆయన చెప్పిన తూకాన్ని ఎవ్వరు మల్లొక్కసారి ఏసి చూడరు."

"అయితే నా ముందట ఎత్తు. ఎత్తలేదనుకో, మల్ల గీ గడప తొక్కకు."

సుస్మిత విసవిసా వెళ్లి రాడ్డుకు రెండు కొసలా చెరో ఇరవై కిలోల ప్లేటు తగిలించింది. బల్ల మీద వెల్లకిలా పడుకుంది. కోచ్ తల దగ్గర నిలబడ్డాడు. రాడ్డును రొమ్ముదాకా దించి, పళ్లు బిగబట్టి పైకెత్తింది. అంతటితో కసి తీరక ఇంకోసారి ఎత్తింది.

"చూసిన్రా? నలభై!" అంది రొప్పుతూ.

విజేందర్ ఒంగి ప్లేట్ల మీది అంకెలు చూశాడు. మళ్లీ చూశాడు.

"నలభై ఏంది? అరవై గదా! ఉత్త రాడ్డే ఇరవై కిలోలుంటది. దాన్నెందుకు రాయలే?"

సుస్మిత కోపం ఇంకా దిగలేదు.

"గొర్రెను ఇనుప బోన్ల పెట్టి తూకమేస్తే, మా బాపు బోను బరువు తీసేసే చెప్తడు. రాడ్డు బరువు గూడ కలిపి రాసుకోనీకి నేనేమన్న దొంగనా సార్?"